ఇరవై రెండు సెకన్లు

విచారణ ఆఫీసు గుమాస్తా ఆ మెమరీ కార్డును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత బల్ల మీద పెట్టి, ఒక్క వేలితో జాన్ పాల్ వైపు తోశాడు.

“ఇది మా కంప్యూటర్లో మోగదయ్యా.”

“ఫోన్లో మోగుతోంది కదండీ.”

“ఫోన్లో మోగితే? ఫోను తీసుకెళ్ళి ఫైల్లో పెట్టి దారం కట్టమంటావా?”

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో గుమాస్తాకి ఇంకొంచెం ఉత్సాహం వచ్చింది.

“సీడీ చేయించి తీసుకురా. పాటల సీడీ లాగా పెట్టగానే మోగాలి. గురువారం పదకొండింటికి విచారణ. ఆ పూటకి తెస్తే తెచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కాలేజీ వాళ్ళని చూడు, అన్నీ టైపు చేయించి మూడేసి కాపీలు ఇచ్చి వెళ్ళారు.”

జాన్ పాల్ కార్డు తీసుకున్నాడు. ఆటోనగర్లో లారీల అడుగున బరువు మోసే కమాన్ స్ప్రింగు కట్టలు విప్పి బిగించే చేతులవి. గోరంత కార్డును ఫోను గాడిలో దూర్చడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

ఆ కార్డులో అతని కూతురు గొంతు ఉంది. గన్నవరం దాటాక ఉన్న కాలేజీ హాస్టలు నుంచి వినీల ఒక ఆదివారం సాయంత్రం ఆఖరుసారి చేసిన ఫోను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ఆ ఆదివారం పోయి బుధవారం తెల్లవారేసరికి పిల్ల లేదు. ఊపిరితిత్తుల నిండా నెమ్ము చేరిందనీ, నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేదనీ డాక్టరు చెప్పాడు. ముందు రోజు వరకూ తనకి బాగాలేదని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదని కాలేజీ రాసిచ్చింది.

ఫోను సెకండ్ హ్యాండులో కొన్నది. ముందు వాడినవాళ్ళెవరో, మాట్లాడిన ప్రతి మాటా దానంతటదే రికార్డయ్యేట్టు పెట్టుకున్నారు. సమాధి మీద మట్టి ఆరిపోయాక గానీ జాన్ పాల్‌కి ఆ సంగతి తెలియలేదు.

పటమటలో మందుల షాపు పక్కన మెట్లెక్కితే ముబీనా గది. ‘క్యాసెట్టు నుంచి సీడీ, సెల్లు నుంచి సీడీ’ అని తలుపు మీద అంటించి ఉంది. బురఖా కుర్చీ వీపుకి వేలాడేసి, చున్నీ మీదుగా హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆమె ఏదో చర్చి ప్రసంగం వింటూ పని చేసుకుంటోంది. తెర మీద నల్లటి పలక. దాని నడుమ ఆకుపచ్చ గీత కొండలూ లోయలూ లాగా జరుగుతోంది. కొండ మధ్యలో ముల్లు లాగా నిటారుగా లేచిన చోటల్లా ఆమె ఆగేది. దానికి అటూ ఇటూ హద్దు పెట్టి ఒక్క నొక్కు నొక్కేది. ముల్లు మాయమై కొండ అతుక్కునేది.

“కూర్చోండి అన్నయ్యా. ఇంక రెండే దగ్గులున్నాయి, తీసేసి వస్తా,” అంది తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. “మా దగ్గరికొచ్చే పాస్టరుగార్లందరూ సీడీలో మహా ఆరోగ్యవంతులు. ఒక్కళ్ళకీ జలుబన్నదే ఉండదు.”

జాన్ పాల్ నవ్వలేదు. ముబీనా అప్పుడు తలతిప్పి అతని మొహం చూసి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

ఫోను తీసుకుని, కార్డు ఊడదీసి, ఇంకో చిన్న డబ్బాలో దూర్చి కంప్యూటరుకి తగిలించింది. ఫైళ్ళ వరస తెరుచుకుంది. పేర్లన్నీ అంకెలే. ఏ తేదీ, ఏ వేళ అన్నది ఆ అంకెల్లోనే ఉంది. జాన్ పాల్ వంగి, తెరకి తగలకుండా వేలితో ఒక వరస చూపించాడు. ఫిబ్రవరి పద్దెనిమిది, సాయంత్రం ఏడూ పద్నాలుగు.

“ఇది ఏఎంఆర్ అన్నయ్యా. ఫోన్లు మాటల్ని నలిపి నలిపి చిన్నవి చేసి దాచుకుంటాయి. సీడీ ప్లేయర్లకి ఆ నలిపింది అర్థం కాదు. ముందు వేవ్ ఫైలు చెయ్యాలి, అప్పుడు సీడీ రాయాలి.”

“వినకుండా చెయ్యడం కుదురుతుందా అమ్మా?”

“మార్చేది కంప్యూటరేగా, నేను కాదు. మొదట్లో రెండు ముక్కలు మోగుతున్నాయో లేదో చూస్తా, అంతే. ఎవరిది?”

“మా పాపది.”

“పాటా?”

“మాటలు.”

ముబీనా ఫైలును తన కంప్యూటరులోకి నకలు తీసుకుని కార్డు తిరిగి ఇచ్చేసింది. “రేపు మధ్యాహ్నానికి రండి. శుభ్రంగా చేసి పెడతా,” అంది.

ఆ సాయంత్రం రూతు గుమ్మంలో కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది. భర్త చెప్పులు విప్పేదాకా ఆగి, దారం పంటితో తెంపి అడిగింది.

“తీసుకున్నారా వాళ్ళు?”

“సీడీ చేయించమన్నారు. రేపిస్తుంది ఆ అమ్మాయి.”

“గురువారం నేనూ వస్తానండీ. ఇంట్లో వద్దు. ఇంట్లో మొదలెడితే పొద్దస్తమానం అదే వింటూ కూర్చుంటా. అక్కడే, అందరి ముందూ ఒక్కసారి వింటా.” సూదిలోకి కొత్త దారం ఎక్కించడానికి వెలుగు వైపు తిరిగింది. “ఆ హాస్టలు మేడమ్ ఫోను లాక్కుంది చూశారా, అదీ వినాలి నేను. ‘వచ్చి తీసుకెళ్ళు నాన్నా’ అనే మాట కూడా అననివ్వలేదుగా పిల్లని.”

“అననివ్వలేదు,” అన్నాడు జాన్ పాల్.

బావి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. గ్రీజు వదిలాక కూడా చాలాసేపు కడుక్కుంటూనే ఉన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళి సీడీ తెచ్చుకున్నాడు. షెడ్డులో వెనక చక్రాలు ఊడదీసి జాకీల మీద నిలబెట్టిన లారీ ఒకటుంది. విరిగిన కమాన్ ఆకు పక్కన నేల మీద పడి ఉంది. డ్రైవరు అన్నానికి వెళ్ళాడు. క్యాబిన్లో సీడీ ప్లేయరుందని జాన్ పాల్‌కి తెలుసు. పొద్దుట్నుంచీ అందులో పాటలు మోగుతూనే ఉన్నాయి. కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, పైకెక్కి, రెండు తలుపులూ వేసుకున్నాడు.

ఫోన్లో వినేటప్పుడు అతనికో లెక్క ఉంది. వినీల మాటల మధ్య దగ్గుతుంది. ఒకటి, రెండు, మూడు... పదకొండో దగ్గు వినబడగానే బొటనవేలు దానంతటదే మీట మీదికి పోయి ఆపేస్తుంది. ఆ తర్వాతిది అతను ఒక్కసారి కూడా వినలేదు. వినకపోయినా తెలుసు.

సీడీ లోపలికి పోయి తిరగడం మొదలుపెట్టింది.

“వినీల ఫాదరేనా? మాట్లాడండి, రెండే నిమిషాలు,” అంది హాస్టలు మేడమ్.

“నాన్నా,” అంది వినీల.

ఒకటి అనుకోవడానికి జాన్ పాల్ సిద్ధంగా ఉన్నాడు. దగ్గు రాలేదు.

“జ్వరం తగ్గట్లేదు నాన్నా, ఆరు రోజులైంది. మేడమ్‌కి చెప్తే మాత్ర ఇచ్చారు. మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోంది. రాత్రిళ్ళు అది పడుకోనివ్వట్లేదు నాన్నా.”

మాటకీ మాటకీ నడుమ ఆ పిల్ల ఆగి ఊపిరి వెతుక్కున్న చోట్లన్నీ మూసుకుపోయాయి. పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోతోంది. గొంతు గంటలా ఉంది. ఎవరు విన్నా, ఒంట్లో ఏ నలతా లేని పిల్ల పరీక్ష తప్పించుకోవడానికి కథ అల్లుతోందనే అనుకుంటారు.

“చెప్పు, చెప్పు, అన్నీ చెప్పు,” మేడమ్ మళ్ళీ అందుకుంది. “గ్రాండ్ టెస్టనగానే జ్వరాలొచ్చేస్తాయి వీళ్ళకి. వేషాలు సార్, మీరేం కంగారుపడకండి.”

ఇక్కడికి పదయ్యుండాలి. ఒక్కటీ రాలేదు. జాన్ పాల్ మీట మీద వేలుంచి పదకొండో దగ్గు కోసం ఎదురుచూస్తున్నాడు.

“నిజం నాన్నా. వచ్చి తీసుకెళ్ళు నాన్నా.”

“టెస్టుకి ఎన్ని రోజులుందమ్మా?”

అది తన గొంతు. రెండు తలుపుల్లో ఉన్న స్పీకర్ల నుంచీ ఒక్కసారే వచ్చింది.

“నాలుగు.”

“నాలుగు రోజులేగా తల్లీ. ఓర్చుకో. మేడమ్ చెప్పినట్టు విను. వేషాలెయ్యకు.”

“సరే నాన్నా.”

“చాలు, పెట్టెయ్ ఇంక,” అంది మేడమ్.

జాన్ పాల్ ఏ మీట నొక్కాడో గానీ అది ఆగలేదు. మళ్ళీ మొదటికొచ్చి “వినీల ఫాదరేనా?” అని అడిగింది. అతను అరచేత్తో డ్యాష్‌బోర్డును చరిచాడు. రెండోసారి చరిచేసరికి సీడీ నాలుకలాగా బయటికొచ్చింది.

ముబీనా అన్నం డబ్బా మూత తీస్తోంది. తలుపు గోడకి కొట్టుకున్న చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది.

“ఏం చేశావమ్మా దీన్ని?”

“మోగలేదా అన్నయ్యా?”

“మోగింది. దగ్గులేవి?”

“దగ్గులా?” ఆమె మొహం కాస్త తేటపడింది. “అన్నీ తీసేశానన్నయ్యా. వినొద్దన్నారుగా, వినలేదు. ముళ్ళు కనబడిన చోటల్లా కంటితోనే చూసి తీసేశా. నడుమ ఖాళీలు మూసేశా. గొంతు కూడా పెంచా...”

“ఎవరు తియ్యమన్నారు నిన్ను?”

కింద మందుల షాపులో మాటలు ఆగిపోయాయి.

“దగ్గి దగ్గి చచ్చిపోయింది నా కూతురు! ఆ దగ్గు వాళ్ళ చెవిన పడెయ్యడానికే కదా పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నా! వాళ్ళు జ్వరమే లేదని రాశారు. నువ్వు దగ్గే లేకుండా చేశావు. వాళ్ళకీ నీకూ ఏంటి తేడా? అందరికీ శుభ్రంగా ఉండాలి. చచ్చిపోయినవాళ్ళు కూడా శుభ్రంగా మాట్లాడాలి!”

ముబీనా చున్నీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత సన్నగా, “మీరు చెప్పలేదన్నయ్యా,” అంది.

అది నిజమే. తనే వినొద్దన్నాడు. ఎవరూ వినకూడదనే అన్నాడు. కోపం పోలేదు గానీ కోపం నిలబడిన నేల కాస్త జారింది. జాన్ పాల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతని చేతి గ్రీజు ఆమె తెల్లటి బల్ల అంచు మీద నాలుగు వేళ్ళూ దించింది. ఆమె చూసి తుడవలేదు.

“అసలుది అట్లాగే ఉంది. నేను కోసింది నకలు,” అంది, అన్నం డబ్బా పక్కకి జరుపుతూ. “మళ్ళీ చేస్తా. మీ ఎదురుగానే చేస్తా. కానీ ఈసారి వింటానన్నయ్యా. వినకుండా చెయ్యను.”

అతను తలూపాడు.

ఫైలు తెరిచింది. మార్చమని నొక్కింది. తెర అడుగున నీలం పట్టీ ఒకటి కొద్దికొద్దిగా నిండుతూ పోయింది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. నాలుగు వందల కేబీలు ఉన్నది నలభై నాలుగు ఎంబీలయింది.

“ఇంత పెరిగిందేంటి?” అన్నాడు జాన్ పాల్. “ఇప్పుడు ఇంకా బాగా వినబడుద్దా?”

“లేదన్నయ్యా. గిన్నె పెద్దదైంది, పులుసు అంతే. ఫోను అప్పుడు పట్టుకోనిది ఇప్పుడు మనం తేలేం. పట్టుకున్నది పోకుండా చూడగలం.”

స్పీకర్ల వైపు మీట తిప్పింది. మోగుతున్నంతసేపూ మౌసు జోలికి పోకుండా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి దగ్గుకి ఆకుపచ్చ ముల్లు తెర పైఅంచు దాకా లేచింది. రెండోది. మూడోది జంటగా వచ్చింది. అయిదో దగ్గు తర్వాత ఊపిరి లోపలికి తీసుకునే చప్పుడు, ఎండిన కొబ్బరాకు నేల మీద ఈడ్చినట్టు. ముబీనా కళ్ళు మూసుకుంది. పదకొండో దగ్గు దగ్గర జాన్ పాల్ బొటనవేలు బల్ల అంచును నొక్కింది. ఇక్కడ ఆపడానికి ఏమీ లేదు.

“సరే నాన్నా,” అన్న తర్వాత, ఫోను మొహానికి దూరంగా జరిపి, లోపలే అణుచుకున్న దగ్గు ఇంకొకటుంది. పన్నెండోది. అది ఉన్నట్టు అతనికి ఇప్పటిదాకా తెలియదు. వేషాలెయ్యకు అన్నాడని ఆ పిల్ల దగ్గు కూడా దాచుకుంది.

గీత చదునైపోయి ఆగింది. కింద రోడ్డు మీద సిటీ బస్సు హారను కొట్టింది. ముబీనా ముక్కు తుడుచుకుని, అతని వైపు చూడకుండా తెరతో మాట్లాడినట్టు అంది.

“అన్నయ్యా, తప్పుగా అనుకోకండి. ఆఖరి ముక్కుందే, వాళ్ళ తరఫువాళ్ళు దాన్నే పట్టుకుంటారు. ముందున్నదంతా వదిలేసి ఆ ఒక్కటే పట్టుకుంటారు.”

అతనికి తెలుసు. నెల రోజులుగా తెలిసిందే ఇప్పుడు ఇంకొకరి నోటి నుంచి వచ్చింది. “ఎంతుంటుంది అది?” అన్నాడు.

ఆమె హద్దులు పెట్టి చూసింది. “ఇరవై రెండు సెకన్లు.”

“తీస్తే తెలుస్తుందా?”

“నేను తీస్తే తెలియదు.”

“నాది తీసేసి, అది అడిగింది ఉంచలేవా? ‘వచ్చి తీసుకెళ్ళు’ అన్నది?”

ముబీనా తల అడ్డంగా ఊపింది. “అడిగింది ఉంచితే జవాబేదంటారు కదన్నయ్యా. తీస్తే రెండూ తియ్యాలి.”

జాన్ పాల్ చేతులకేసి చూసుకున్నాడు. రూతు గుమ్మంలో దారం తెంపుకుంటూ అన్న మాట గుర్తొచ్చింది. “తియ్యి,” అన్నాడు.

ఆమె తీసింది. వినిపించింది. పదకొండో దగ్గు వెనకాలే “చాలు, పెట్టెయ్ ఇంక” అని మేడమ్ గొంతు వచ్చి అతుక్కుంది. అతను ఇంట్లో చెప్పింది చెప్పినట్టే ఉంది. పోలీసులకి రాసిచ్చింది రాసిచ్చినట్టే ఉంది.

సీడీ తయారయ్యాక ముబీనా ఇంకో ఖాళీ సీడీ తీసి పెట్టెలో వేసింది. “మొత్తం ఉన్నది కూడా రాసిస్తానన్నయ్యా. నిన్న అడక్కుండా తీశా, ఇవాళ అడిగి తీశా. తీసిన చెయ్యి మాత్రం నాదే కదా. ఏది పెడతారో మీ ఇష్టం.” నల్ల పెన్నుతో కోసినదాని మీద ఒకటి అనీ, మొత్తం ఉన్నదాని మీద రెండు అనీ రాసి, ఒకే కవరులో పెట్టి ఇచ్చింది.

గురువారం పదకొండింటికని పిలిచి పన్నెండున్నర దాకా వరండాలో కూర్చోబెట్టారు. కాలేజీ తరఫున తిరుపతిరావు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు. రూతు దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు.

“మేమూ పిల్లలున్నవాళ్ళమేనమ్మా. ఎంత బాధపడుతున్నామో ఆ దేవుడికే తెలుసు. మీ దేవుడికైనా, మా దేవుడికైనా.”

“హాస్టలు మేడమ్ రాలేదా?” అంది రూతు.

“ఆవిడకి ఒంట్లో బాగుండట్లేదమ్మా. సెలవు పెట్టారు.”

“ఆవిడకి ఇచ్చారన్నమాట సెలవు,” అంది రూతు.

తిరుపతిరావు చేతులు దించుకుని వాచీ చూసుకుంటూ పక్కకి వెళ్ళాడు. గుమాస్తా వచ్చి కాలేజీ వాళ్ళిచ్చిన కాగితాల నకలు ఒకటి రూతు చేతిలో పెట్టాడు. హాస్టలు ఆరోగ్య రిజిస్టరు, కంప్యూటరులో కొట్టించి తీసింది. ఆమె ఒక్కో తేదీ మీదా వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంది. ఫిబ్రవరి నెలంతా చదివి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

లోపల విచారణ అధికారి కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. నలభై అయిదేళ్ళావిడ. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కాగితాలు చూస్తోంది. జాన్ పాల్ ఒకటో నంబరు సీడీ గుమాస్తాకిచ్చాడు. గుమాస్తా దాన్ని కంప్యూటరు అరలో పెట్టి మూశాడు.

“అది మోగేలోపు ఒక్క మాట మేడమ్,” అన్నాడు తిరుపతిరావు లేచి. “పిల్ల హాస్టల్లో ఏదో నలతగా ఉందందనే అనుకుందాం. కానీ ఇంటికి పంపమని ఎవర్నీ అడగలేదండి. అడిగుంటే ఆ క్షణమే కారిచ్చి పంపేవాళ్ళం. మమ్మల్నే కాదు, కన్నతండ్రినీ అడగలేదు. నేనంటున్నది కాదు మేడమ్, ఆయన పోలీసులకి రాసిచ్చిన స్టేట్‌మెంట్లోనే ఉంది.” ఫైలు తెరిచి, ఆ కాగితం తీసి, పసుపు గీత పెట్టిన వరసని చదివాడు. “‘ఇంటికి తీసుకెళ్ళమని మా అమ్మాయి నన్ను అడగలేదు.’ కింద సంతకం ఉంది.”

సంతకం తనదే. ఆలస్యంగా అక్షరాలు నేర్చుకున్నవాడు చేసిన పెద్ద సంతకం.

జాన్ పాల్‌కి లేచి ఆ చొక్కా మడతను పిడికిట్లోకి తీసుకోవాలనిపించింది. కానీ ఆ మనిషి చదివింది అబద్ధం కాదు. తను రాసిచ్చిన మాటే చదివాడు. పిల్ల అడిగింది. జ్వరంలో, ఊపిరాడకుండా, పక్కన ఆవిడ నిలబడి ఉండగానే అడిగింది. అడగలేదని వాళ్ళకంటే ముందు తను రాశాడు. ఇప్పుడు ఈ గదిలో ఆ సీడీ మోగితే, అడగలేదని ఆ పిల్ల గొంతుతోనే చెప్పించినట్టవుతుంది.

గుమాస్తా మౌసు మీద చెయ్యి వేశాడు.

“అది కాదండీ,” అన్నాడు జాన్ పాల్.

గట్టిగానే అన్నట్టున్నాడు, అందరూ తలలెత్తారు. కవరులోంచి రెండో సీడీ తీశాడు.

“ఏంటి తేడా?” అంది అధికారి.

“అందులో కొంత తీసేయించానండి. ఇందులో మొత్తం ఉంది.”

“ఏం తీసేయించారు?”

“మీరు వినండి మేడమ్.”

రూతు వైపు చూడలేదు. చూస్తే ఆ సీడీ చేయి దాటేది కాదు.

మోగింది. ఆ గదిలో ఫ్యాను చప్పుడు, బయట టైపు మిషను చప్పుడు, వాటి మధ్య పదహారేళ్ళ పిల్ల దగ్గు. మూడో దగ్గుకి గుమాస్తా కుర్చీలో సర్దుకున్నాడు. అయిదో దగ్గు తర్వాతి ఊపిరికి అధికారి నుదుటి మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. రూతు నేల చూస్తూ, రెండు చేతులూ చీర కుచ్చిళ్ళ మధ్య దూర్చుకుని, ప్రతి దగ్గుకీ అంగుళం ముందుకు వంగుతోంది. “వేషాలు సార్” అన్న గొంతు వచ్చినప్పుడు తిరుపతిరావు ఫైలు మూసుకున్నాడు. పదకొండో దగ్గు వచ్చింది.

“నిజం నాన్నా. వచ్చి తీసుకెళ్ళు నాన్నా.”

రూతు తలెత్తింది.

ఆ తర్వాతి ఇరవై రెండు సెకన్లూ జాన్ పాల్ కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. తన మాటలు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టినట్టు వినబడ్డాయి. పన్నెండో దగ్గు ఎంత చిన్నదంటే, గదిలో ఎవరూ కాగితం కదపలేదు కాబట్టి వినబడింది.

“ఆ మగ గొంతు ఎవరిది?” అంది అధికారి.

“నాదేనండీ.”

“చూశారా మేడమ్?” తిరుపతిరావు గొంతులోకి మళ్ళీ చమురొచ్చింది. “తండ్రికి తెలుసు. ఉండమని చెప్పింది ఆయనే. అదీ దాచి పోలీసులకి తప్పుడు స్టేట్‌మెంటిచ్చారు. ఇంక మా సంస్థ మీద...”

“ఆయన సంగతి నేను చూసుకుంటానండీ.”

అంది రూతు. లేచి నిలబడింది. భర్త కుర్చీకేసి తిరగనైనా తిరగలేదు. మడిచిన కాగితం విప్పి అధికారి బల్ల మీద పరిచింది.

“ఈ రిజిస్టరు సంగతి మీరు చూడండి మేడమ్. మూడొందల మంది ఆడపిల్లలున్న హాస్టలు. నెల మొత్తంలో ఒక్క పిల్లకి కడుపునొప్పి రాలేదు. ఒక్క పిల్లకి తలనొప్పి లేదు. ఇరవయ్యో తారీకున నా కూతురికి మాత్రం ‘స్వల్ప జలుబు’. ఇది ఎవరో కూర్చుని కొట్టిన కాయితం. మాత్ర ఇచ్చారని అది చెప్పింది, ఇందాక మీరూ విన్నారు. మాత్ర ఇచ్చినవాళ్ళు ఎక్కడో రాసుకునే ఉంటారు. చేత్తో రాసింది తెప్పించండి.”

అధికారి కాగితం దగ్గరికి లాక్కుని పైనుంచి కిందికి చూసింది. “అసలు రిజిస్టరు ఎక్కడుంది?”

“అంటే... అది కొట్టివేతలూ అవీ ఉండి బాగాలేదని, చూడ్డానికి వీలుగా ఫెయిర్ చేయించి...”

“ఆ కొట్టివేతలే నాక్కావాలి. నాలుగింటికల్లా ఇక్కడుండాలి. మా మనిషి ఇప్పుడే మీ కారులో వస్తాడు. ఫోన్లు చెయ్యకండి.” తర్వాత జాన్ పాల్ వైపు తిరిగింది. “మీరు మళ్ళీ స్టేట్‌మెంటివ్వాలి. ఈసారి అంతా.”

“ఇస్తానండీ.”

రాసిచ్చి బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. రూతు అప్పటికే మెట్లు దిగి గేటు దాటింది. అతను అడుగు వేగం పెంచితే ఆమె పెంచింది, తగ్గిస్తే తగ్గించలేదు. బస్టాపులో నీడ లేదు. ఇద్దరికీ నడుమ ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడింది. కూతురి గురించి అడగాల్సిన ప్రశ్న, తిట్టాల్సిన తిట్టు, ఏదో ఒకటి అంటుందని అతను ఎదురుచూశాడు. ఎండకి మొహం ముడుచుకుని ఆమె రోడ్డుకేసే చూస్తోంది.

“ఆ ఆదివారం ఎనిమిదిన్నర దాకా గన్నవరం బస్సులున్నాయి,” అంది చివరికి. “నాకు చెప్పుంటే నేనెళ్ళేదాన్ని.”

“రూతూ...”

“నేనెళ్ళేదాన్ని.”

బస్సొచ్చింది. ఆమె ముందు గుమ్మంలోంచి ఎక్కి, ఆడవాళ్ళ సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. జాన్ పాల్ వెనక గుమ్మంలోంచి ఎక్కి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ఆమె సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు వచ్చాడు. జాన్ పాల్ జేబులోంచి నోటు తీసి, “పటమట, రెండు,” అన్నాడు.

కండక్టరు టిక్కెట్ల కట్ట మీద బొటనవేలు పెట్టాడు.

రూతు కిటికీలోంచి చూపు తిప్పకుండానే తన చేతిసంచి తెరిచింది. చిల్లర వెతికి తీసి, అరచేయి చాచింది.

“ఆయనకి ఒకటే ఇవ్వండి,” అంది. “నాది నేను తీసుకుంటా.”

కండక్టరు ఒకసారి ఆమె వంకా, ఒకసారి అతని వంకా చూశాడు. రెండు టిక్కెట్లూ విడివిడిగా చింపి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టి ముందుకెళ్ళిపోయాడు.